పాత పికప్‌ని ఇంట్లోనే బాగు చేసుకోవాలంటే: ఏ బండి కొనాలి, డబ్బు ఎక్కడ పెట్టాలి

పాత పికప్ కొందామనుకుంటున్నానని ఫోన్ చేసేవాళ్లు ముందు ఇంజిన్ గురించే చెబుతారు. స్టార్ట్ అవుతోందట, పొగ రావట్లేదట, 350 వీ8 అట (350 ఘనపుటంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్). అంతా విన్నాక నేను అడిగేది ఒకటే: కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి చూశారా? చాలామంది చూసి ఉండరు.

అమెరికాలో ఉంటూ, రెండు కార్ల గ్యారేజీలో ఒక పక్క ఖాళీ చేసుకుని, శని ఆదివారాల్లో సొంత చేతులతో ఒక పాత బండిని లేపుదామనుకునే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. షోలో పెట్టి కప్పు కొట్టాలనుకునేవాళ్లకు ఇది పనికిరాదు. తోటకి మట్టి బస్తాలు తెచ్చుకోవాలి, ఆదివారం పొద్దున్నే ఒక స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని టిఫినుకి వెళ్లి రావాలి, దారిలో ఆగిపోకూడదు. అంతవరకే మన కోరిక.

నేను పెరిగింది విజయవాడ ఆటోనగర్ పక్కన. అక్కడి లెక్క బుర్రలో ఉండిపోయే నా మొదటి బండి దగ్గర దెబ్బతిన్నాను. ఆటోనగర్‌లో తుప్పుకి ఎవరూ భయపడరు. టింకరింగ్ మేస్త్రి కుళ్లిన రేకు కోసేసి, కొత్తది వంచి, గ్యాస్ వెల్డింగ్ పెట్టి, సుత్తితో తట్టి నాలుగు రోజుల్లో ఇచ్చేస్తాడు. అక్కడ దొరకనిది పార్టు. ఇక్కడ అంతా తలకిందులు. యాభై ఏళ్ల నాటి షెవీ (షెవర్లే) ఇంజిన్‌కి వాటర్ పంపు కావాలంటే వీధి చివర పార్ట్స్ షాపులో దొరుకుతుంది, లేదంటే ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే మూడో రోజు గుమ్మం ముందుంటుంది. రేకు పని చేసే మనిషి మాత్రం గంటకి వంద డాలర్ల పైనే అడుగుతాడు, అదీ ఆర్నెల్లు ఆగి రమ్మంటాడు. కాబట్టి ఇక్కడ ఇంజిన్ పోతే కొంత డబ్బు పోతుంది. రేకు పోతే మాత్రం డబ్బుతోపాటు ఏడాది శనివారాలన్నీ పోతాయి.

నా మొదటి బండి ఇంజిన్ గడియారంలా నడిచేది. ఆ చప్పుడుకే పడిపోయి కొన్నాను. ఇంటికి తెచ్చాక మ్యాట్ ఎత్తితే డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోర్ రేకు లేదు. దాని బదులు రోడ్డు పక్కన ఉండే స్టాప్ సైన్ బోర్డు ఒకటి రివిట్లు కొట్టి, పైన తారు పూసి ఉంది. కింద దూరి చూస్తే ఎర్రటి అక్షరాలు అలాగే కనిపించాయి. ఆ బోర్డు ఇప్పటికీ మా గ్యారేజీ గోడకి వేలాడుతోంది.

మూడు బండ్లు, మూడు స్వభావాలు

మన బడ్జెట్‌కి, మన అనుభవానికి తగ్గవి నా లెక్కలో మూడే: 1967–72 షెవర్లే సీ10, అదే ఏళ్ల ఫోర్డ్ ఎఫ్-100, 1973–87 షెవర్లే పికప్. చివరిదాన్ని ఇక్కడ అందరూ స్క్వేర్ బాడీ అంటారు. ఇంతకంటే పాతవి అందంగానే ఉంటాయి కానీ బ్రేకుల దగ్గర తేడా వస్తుంది. 1966 వరకు వచ్చిన షెవీ పికప్‌లలో బ్రేకు ఆయిల్‌ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్‌కి ఒకే గది. ఎక్కడ ఒక్క హోస్ పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. 1967 నుంచి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ విడివిడి లైన్లు వచ్చాయి.

1967–72 సీ10 అంటే అందరికీ మోజే. నాకూ మోజే. వెనక చక్రాలకి కమాన్ కట్టల బదులు కాయిల్ స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఖాళీ బండి కూడా ఎగిరెగిరి పడదు, కారులా సాగిపోతుంది. ఇదే బాడీతో వచ్చిన జీఎంసీ పికప్‌లకు మామూలుగా వెనక కమాన్ కట్టలే ఇచ్చారు. సీ10కి ఉన్న ఇంకో సుఖం, డోర్ హ్యాండిల్ నుంచి క్యాబ్ మూల రేకు దాకా ప్రతిదీ కొత్తగా తయారై వస్తుంది. ఎల్ఎంసీ ట్రక్ లాంటి కంపెనీల కేటలాగు తిరగేస్తే మొత్తం బండిని అందులోంచే కట్టేయొచ్చేమో అనిపిస్తుంది. 1971 నుంచి ముందు డిస్క్ బ్రేకులు కంపెనీయే ఇచ్చింది. అంతకు ముందువి నాలుగూ డ్రమ్ములే.

చిక్కంతా ధర దగ్గర. డబ్బున్నవాళ్లు దీని వెంట పడ్డారు. తక్కువ ధరకి సీ10 కనిపించిందంటే దాని వెనక కారణం ఉంటుంది, ఆ కారణం చాలాసార్లు తుప్పే. తలుపు కింద బారుగా ఉండే రాకర్, క్యాబ్ వెనక మూలలు, పాదాలు పెట్టే చోటు, పైన వాన నీళ్లు జారే గాడి, ఇవన్నీ చూడాలి. వీటన్నిటికంటే ముఖ్యం తలుపు బందులు బిగించి ఉండే స్తంభం అడుగు భాగం. తలుపు సగం తెరిచి, చివర పట్టుకుని పైకెత్తండి. బంది పిన్ను అరిగితే కొంచెం ఆడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. స్తంభమే కదిలితే మాత్రం బేరం ఆడకుండా ఇంటికొచ్చేయండి.

ఈ బండికి పెట్రోలు ట్యాంకు క్యాబ్ లోపలే, సీటు వెనక ఉంటుంది. కొత్తగా చూసినవాళ్లు నమ్మరు. మూత దగ్గర రబ్బరు కారితే కాఫీ తాగుతున్నా పెట్రోలు వాసనే.

ఫోర్డ్ ఎఫ్-100కి పక్కన బాడీ పొడవునా గీత ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి 1967–72 వాటిని బంప్‌సైడ్ అంటారు. 1973–79 వాటికి అదే గీత లోపలికి నొక్కినట్టు ఉంటుంది, వాటి పేరు డెంట్‌సైడ్. ముందు సస్పెన్షన్ ట్విన్ ఐ-బీమ్. రెండు దుక్కల్లాంటి ఉక్కు దూలాలు, చూడ్డానికి లారీ సామాను. ముందు చక్రాలు పక్కకి తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్లు ఉంటాయి. మనూళ్లో లారీ షెడ్డులో తిరిగినవాళ్లకి ఆ మాట పరిచయమే. అరిగితే స్టీరింగ్ ఆడుతుంది, బుష్షులు మార్చాలంటే ప్రెస్సూ రీమరూ కావాలి. ఆ ఒక్క పని నేను బయట చేయించాను. చక్రాల కేంబర్ (నిలువు వాలు) సరిచేయడం కూడా షెవీ అంత తేలిక కాదు, అందరు అలైన్‌మెంట్ షాపులవాళ్లూ ఒప్పుకోరు.

ఇవన్నీ చెప్పాక కూడా ఫోర్డ్ మీద నాకో బలహీనత ఉంది. దాని పేరు 300 స్ట్రెయిట్ సిక్స్. 1965లో మొదలుపెట్టి 1996 దాకా ఈ ఇంజిన్ చేస్తూనే ఉన్నారు. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో, క్రాంక్‌కి ఏడు మెయిన్ బేరింగులు, టైమింగ్‌కి చైను కాకుండా నేరుగా గేర్లు. బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్కన నిలబడి పని చేసుకునేంత ఖాళీ ఉంటుంది. వేగం ఉండదు, చప్పుడులో వీ8 దర్జా ఉండదు, కానీ చావదు. ఈ ఏళ్ల ఫోర్డుల్లో ఏ ఇంజిన్‌తో బయటికొచ్చిందో విన్ నంబరులోనే (బండి గుర్తింపు సంఖ్యలోనే) ఉంటుంది. ఎఫ్10 తర్వాత వచ్చే అక్షరం బీ అయితే 300, ఏ అయితే చిన్నదైన 240 సిక్స్, వై అయితే 360 వీ8. ఆ 360కి పెట్రోలు దాహం ఎక్కువ, పార్టులూ షెవీ వీ8 అంత చవగ్గా రావు. షెవీల్లో కూడా విన్ మొదట్లో సీఈ ఉంటే వీ8, సీఎస్ ఉంటే సిక్స్ అని అర్థం. అమ్మేవాడు చెప్పినదానికీ నంబరుకీ పొంతన లేకపోతే మధ్యలో ఎవరో ఇంజిన్ మార్చారన్నమాట. తప్పేం కాదు, తెలుసుకుని కొనాలంతే.

ఫోర్డ్ రేకులు కూడా వస్తాయి కానీ షెవీ అన్ని రకాలు రావు. ముఖ్యంగా చూడాల్సింది క్యాబ్‌ని ఫ్రేమ్ మీద నిలబెట్టే మౌంట్లు, ముందద్దం కింద గాలి లోపలికొచ్చే కౌల్. ఆ కౌల్‌లో ఒక బాటిల్ నీళ్లు పోసి, లోపల కాళ్ల దగ్గర తడి వస్తుందేమో చూడండి. అమ్మేవాడు చిరాకు పడినా పోయండి.

ఇక స్క్వేర్ బాడీ. దాదాపు ఒకే ఆకారంతో 15 ఏళ్లు చేశారు కాబట్టి ఇంకా లెక్కలేనన్ని ఉన్నాయి. పాత బండ్లని విడదీసి అమ్మే యార్డుల్లో కూడా కనిపిస్తాయి, అంటే అద్దం తిప్పే హ్యాండిల్ నుంచి బంపర్ దాకా చవకలో దొరుకుతాయి. ముందు డిస్క్ బ్రేకులు అన్నిటికీ ఉన్నాయి. అందం విషయంలో మా ఇంట్లో దీనికి మార్కులు తక్కువ. ఇటుక పెట్టెకి చక్రాలు పెట్టినట్టుంది అన్నారు. ఉన్నమాటే.

దీని పెట్రోలు ట్యాంకుల సంగతి మాత్రం తెలుసుకునే కొనాలి. సీటు వెనక నుంచి తీసేసి ఫ్రేమ్‌కి బయట, పక్కల్లో పెట్టారు. పక్క నుంచి గుద్దుకుంటే మంటలు వస్తాయన్న గొడవ 1990ల్లో అమెరికా అంతా నడిచింది. ప్రభుత్వం విచారణ జరిపింది, 1994 చివర్లో జనరల్ మోటార్స్ రోడ్డు భద్రత కార్యక్రమాలకి 51 మిలియన్ డాలర్లకు పైగా ఇచ్చేలా రాజీ కుదిరింది. అంటే ఒకదాంట్లో పెట్రోలు మన వీపు వెనక, ఇంకోదాంట్లో ఫ్రేమ్ బయట. ఏది మేలని అడిగితే నాకు రెండూ నచ్చవు. కొంచెం డబ్బు చేతిలో ఉన్నప్పుడు ట్యాంకుని వెనక ఇరుసు అవతల, ఫ్రేమ్ రెండు కమ్మీల మధ్యకి మార్చుకోవచ్చు. ఈ బండ్లు రెంటికీ అలాంటి కిట్లు వస్తాయి.

ఇంకో హెచ్చరిక. 1978–81 మధ్య ఈ స్క్వేర్ బాడీల్లో (వీటికీ సీ10 పేరే) 5.7 లీటర్ల డీజిల్ వీ8 ఇచ్చారు. డీజిల్ అంటే మనవాళ్లకి నమ్మకం ఎక్కువ, అందుకే చెబుతున్నాను. హెడ్ బోల్టులు, గ్యాస్కెట్లు తట్టుకోలేక చెడ్డపేరు తెచ్చుకున్న ఇంజిన్ అది. ఉచితంగా ఇస్తే బాడీ కోసం తీసుకోవచ్చు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ 1975, అంతకు ముందు పెట్రోలు బండ్లకి స్మాగ్ (పొగ) పరీక్ష లేదు, 1976 నుంచి ఉంది. 1975 బండీ 1976 బండీ పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి, కానీ రెండోదానికి కంపెనీ బిగించిన పొగ తగ్గించే సామగ్రి మొత్తం ఉండాలి. దాంట్లో ఒక వాల్వు కోసం నెలలు వెతికేవాళ్లున్నారు. నేనుండే టెక్సస్‌లో ఆ బాధ లేదు. ఇక్కడ పొగ పరీక్ష కొన్ని కౌంటీల్లోనే, అదీ 24 ఏళ్ల లోపు బండ్లకే. మామూలు వాహనాలకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీని కూడా 2025 జనవరి నుంచి ఎత్తేశారు. బ్రేకులు చూసేవాడు ఇక మనమే.

నన్నడిగితే, మొదటిసారి చేతులు పెట్టేవాళ్లకి స్క్వేర్ బాడీ. క్యాబ్ ఫ్లోర్ గట్టిగా ఉన్న 300 సిక్స్ ఫోర్డ్ ఎదురైతే మాత్రం స్క్వేర్ బాడీ మాట మర్చిపోయి దాన్నే తీసుకోండి. 1967–72 సీ10ని రెండో బండిగా పెట్టుకోండి. వెల్డింగ్ చేయి తిరిగాక, ఏ తుప్పు ఎంత పనో కంటితో అంచనా వేయగలిగాక.

పొడవు తొట్టే మనకి మేలు

వెనక సామాను వేసే తొట్టిని ఇక్కడ బెడ్ అంటారు. షార్ట్ బెడ్ ఆరున్నర అడుగులు, లాంగ్ బెడ్ 8 అడుగులు. చూడ్డానికి షార్ట్ ముద్దొస్తుంది, అందుకే దాని ధర కొండెక్కి కూర్చుంది. అదే ఏడాది, అదే ఇంజిన్, అదే తుప్పు ఉన్న లాంగ్ బెడ్ బాగా తక్కువకి వస్తుంది. ప్లైవుడ్ షీటు తెచ్చుకోవాలన్నా లాంగ్ బెడ్డే నయం. కొందరు లాంగ్ కొని ఫ్రేమ్ కోసి షార్ట్ చేస్తారు. వీడియోల్లో తేలిగ్గానే కనిపిస్తుంది. ఇంట్లో, మొదటి బండి మీద ఆ ప్రయోగం వద్దు.

కానీ ముందు గ్యారేజీని టేపుతో కొలవండి. లాంగ్ బెడ్ బండి 17 అడుగుల పైనే ఉంటుంది. 20 అడుగుల లోతున్న గ్యారేజీలో పడుతుంది, కానీ ముందు నిలబడి రేడియేటర్ విప్పడానికి, వెనక షట్టర్ మూయడానికి మిగిలేది కొంచెమే. గోడ పక్కన వాటర్ హీటరూ ఫ్రిజ్జూ ఉంటే ఇంకా తగ్గుతుంది. బయట డ్రైవ్‌వేలో విప్పి వదిలేద్దామంటే మీ కాలనీ అసోసియేషన్ ఉత్తరాలు మొదలవుతాయి.

ఫోర్ వీల్ డ్రైవ్ జోలికి వెళ్లకండి. ధర ఎక్కువ, అరిగే పార్టులు రెట్టింపు. పైగా అవి మంచు కురిసే చోట్ల ఉప్పు చల్లిన రోడ్ల మీద తిరిగినవి కావడానికే అవకాశం ఎక్కువ.

ఆ ఉప్పు మాట వచ్చింది కాబట్టి: ఒహాయో, మిషిగన్ వైపు బండి ఎంత మెరిసినా ఫ్రేమ్ చూడకుండా కొనొద్దు. అరిజోనా, న్యూ మెక్సికో, పశ్చిమ టెక్సస్ బండ్లకి పెయింటు ఎండకి మాడి సున్నంలా అయిపోతుంది, సీటు చిరుగుతుంది, డ్యాష్‌బోర్డు పగుళ్లు తేలుతుంది, రబ్బరన్నది ఒక్కటీ మిగలదు. చూస్తే ఏడుపొస్తుంది. అయినా అదే కొనండి. అవన్నీ కేటలాగులో దొరికేవే. ట్రెయిలర్ మీద తెప్పించుకునే ఖర్చు పెట్టినా రేకు పని ముందు అది చిన్నదే.

నడిచే బండా, నిద్రపోతున్న బండా

నడుస్తున్న బండి రెట్టింపు ధరైనా చాలామందికి అదే మంచిది. నడిపి చూసుకుంటూ ఒక్కొక్కటే బాగు చేసుకుంటే ఉత్సాహం చావదు. మొత్తం విప్పి నేల మీద పరిచినవాళ్లలో మళ్లీ బిగించినవాళ్లని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. సగం విప్పి డబ్బాల్లో పెట్టి అమ్మే బండి ఎంత చవకైనా ముట్టుకోవద్దు. ఏ బోల్టు ఎక్కడిదో తెలిసినవాడు ఒక్కడే, వాడు మనకి బండి అమ్మేసి వెళ్లిపోయాడు.

పదేళ్లుగా షెడ్డులో పడున్న బండి మధ్యరకం. ఆపినప్పుడు నడిచేదండీ అంటారు. నిజమే అయ్యుండొచ్చు. అలాంటి బండి ఆగిపోవడానికి ఇంజిన్ కారణం కాకపోవడమే ఎక్కువ. ట్యాంకులో పెట్రోలు జిగురులా మారి ఉంటుంది, కార్బ్యురేటర్ మూసుకుపోయి ఉంటుంది, చక్రాల దగ్గర బ్రేకు సిలిండర్లు పట్టేసి ఉంటాయి. ఇవన్నీ ఇంట్లో అయ్యే పనులు. తేల్చుకోవాల్సింది ఒక్కటే, ఇంజిన్ తిరుగుతుందా లేదా. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్లగ్గులు విప్పేసి, క్రాంక్ ముందున్న బోల్టుకి పొడవాటి రెంచి తగిలించి చేత్తో తిప్పండి. తిరిగితే నిద్రపోతోంది, లేపొచ్చు. తిరక్కపోతే ఇంజిన్ లేని బండి ధర ఎంతో అంతే ఇస్తానని చెప్పండి. ఒప్పుకుంటే ప్లగ్గు రంధ్రాల్లో ఆయిల్ పోసి వారం నానబెడితే కదిలేవీ ఉంటాయి, కానీ ఆ ఆశకి డబ్బు కట్టకూడదు.

లేపేటప్పుడు పాత ట్యాంకు జోలికి పోకుండా బయట చిన్న డబ్బాలో కొత్త పెట్రోలు పెట్టి ఇవ్వండి. పాత రబ్బరు పైపులు మాత్రం అన్నీ మార్చాలి. ఇప్పుడు పంపుల్లో వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తుంది, అప్పటి రబ్బరు దానికి తట్టుకోదు. కారి వేడి ఇంజిన్ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంజిన్: వదిలేయాలా, విప్పాలా, మార్చాలా

వదిలేయండి. కనీసం మొదటి ఏడాది. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ కొనక్కర్లేదు, డిపాజిట్ కట్టించుకుని పనిముట్లు అరువిచ్చే పార్ట్స్ షాపులున్నాయి, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కొస్తుంది. అన్ని సిలిండర్లూ దగ్గరదగ్గరగా వస్తే చాలు. అంకె కొంచెం తక్కువైనా ఫర్వాలేదు, ఒక్క సిలిండరే బాగా పడిపోతే ఆలోచించాలి. వాల్వ్ కవర్ల దగ్గర ఆయిల్ చెమ్మని చూసి టెన్షన్ పడి ఇంజిన్ దించేసినవాళ్లు తెలుసు నాకు. గ్యాస్కెట్ మారిస్తే పోయేది.

ఆయిల్ విషయంలో ఒక జాగ్రత్త. ఈ ఇంజిన్లలో క్యామ్ నేరుగా చదును ట్యాపెట్ల మీద రుద్దుకుంటూ తిరుగుతుంది. ఇప్పటి ఆయిళ్లలో జింక్ పాళ్లు తగ్గించారు, అందుకని పాత ఇంజిన్లకని అమ్మే జింక్ ఎక్కువున్న ఆయిలే వాడండి.

నిజంగానే ఇంజిన్ పోయిందనుకోండి, షెవీ అయితే రీబోరింగ్ చేయించడం కంటే తయారుగా వచ్చే 350 తెచ్చుకోవడం సుఖం. మెషిన్ షాపు ఖర్చు, కాసుకు కూర్చునే నెలలు కలిపితే తేడా మిగలదు. ఫోర్డ్ 300 అయితే యార్డులో ఇంకో 300 వెతకండి. 1996 దాకా చేశారు కాబట్టి దొరుకుతాయి. కాకపోతే తర్వాతి కాలంవాటికి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది, పైన మానిఫోల్డూ కార్బ్యురేటరూ మన పాతవే బిగించుకోవాలి.

బ్రేకులు ముందు, మిగతావన్నీ తర్వాత

డ్రమ్ములే ఉంచాలా, ముందు డిస్కులు పెట్టాలా అని పెద్ద చర్చ నడుస్తుంది. నా మాట: కొన్న వెంటనే డ్రమ్ములనే పూర్తిగా కొత్తవి చేయండి. షూలు, చక్రాల సిలిండర్లు, స్ప్రింగులు, మూడు రబ్బరు హోసులు, మాస్టర్ సిలిండర్, ఇనప పైపులు తుప్పు పట్టి ఉంటే అవి కూడా. అన్నీ కలిపినా డిస్క్ కిట్ ధరలో కొంతే. కాలనీ రోడ్లకి, ఊళ్లో తిరగడానికి సరిగ్గా సెట్ చేసిన డ్రమ్ము ధారాళంగా సరిపోతుంది. రోజూ ఫ్రీవే ఎక్కేవాళ్లు, ట్రెయిలర్ లాగేవాళ్లు, వానలో నడిపేవాళ్లు డిస్కులకి మారండి. సీ10కి ఆ తర్వాతి ఏళ్ల బండ్ల సామాను కొద్ది మార్పులతో పడుతుంది, అందుకే దానికి ఈ పని తేలిక. ఒకటి గుర్తుంచుకోవాలి, 1970 వరకు సీ10 చక్రాలకి ఆరు బోల్టులు, 1971 నుంచి ఐదు. ముందు మారిస్తే వెనక కూడా మార్చాలి, లేదా రెండు రకాల స్టెపినీలు మోసుకు తిరగాలి.

పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. డ్రమ్ము ఊడదీశాక ఆ బూడిదని కంప్రెసర్‌తో ఊదకండి. తడిపి, గుడ్డతో తుడిచి, సంచిలో కట్టి పారేయండి. ఆటోనగర్‌లో నోటితో ఊదేవాళ్లు. అది మనం నేర్చుకోకూడని విద్య.

రేకు పని

వెల్డింగ్, ప్యానెల్ అతికించే జిగురు, రివిట్లు. ఈ మూడింట్లో ఏది అంటే, ఆ రేకు బరువు మోస్తోందా లేదా అన్నదాన్ని బట్టి. రాకర్లు, క్యాబ్ మౌంట్లు, తలుపు స్తంభాలు బరువు మోస్తాయి. అక్కడ వెల్డింగే. నేల మధ్యలో అరచేతంత చిల్లుకి జిగురుతో అతికించి, అంచులకి సీమ్ సీలర్ (అతుకు మూసే ముద్ద) పెడితే ఎన్నేళ్లైనా ఉంటుంది. స్టాప్ సైన్ పెట్టినవాడి తప్పు రివిట్లు వాడటం కాదు, కింద కుళ్లిన రేకు కొయ్యకుండా పైన కప్పడం. పాత రాకర్ మీద తొడుగులా వేసే రేకులు అమ్ముతారు, చవక. అవీ అలాంటి కప్పే పనే. లోపల తేమ నిలిచి పక్కన బాగున్న రేకుని కూడా తినేస్తుంది.

వెల్డింగ్ మెషీన్ కొంటే గ్యాస్ పెట్టుకునే వీలున్న మిగ్ (వైరు దానంతటదే వచ్చే రకం) కొనండి. గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ వైరు రకం చవగ్గా వస్తుంది, ఫ్రేమ్ లాంటి మందపాటి ఇనుముకి బానే ఉంటుంది, కానీ క్యాబ్ రేకు పల్చన. వేడెక్కి చిల్లులు పడతాయి. గ్యాస్‌తో కూడా గీత గీసినట్టు లాగొద్దు. ఇక్కడొక చుక్క, అరడుగు అవతల ఒక చుక్క, చల్లారాక మధ్యలో మరొకటి. రాకర్ కోసే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఒక ఇనప కమ్మీని తాత్కాలికంగా వెల్డ్ చేసి తీరాలి. నేను మొదటిసారి చేయలేదు. క్యాబ్ పావు అంగుళం కుంగింది, కొత్త రాకర్ అద్భుతంగా కుదిరింది, తలుపు మాత్రం పడలేదు.

క్యాబ్ లోపల నిప్పురవ్వ రాలే ముందు సీటు వెనక ట్యాంకు బయటికి రావాలి. ఖాళీ చేస్తే చాలదు. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరే ఎక్కువ ప్రమాదం. అది వీధి దాటించి పెట్టినా తప్పులేదు.

రంగు

నాకు నచ్చేది అసలు రంగు వేయకపోవడం. ఎండకి వెలిసిపోయిన పాత పెయింటుని కడిగి, తుప్పు పట్టిన చోట్ల మాత్రం ఆపి, అలా ఉంచేయడం. ఇక్కడ దాన్ని పాటినా అని మురిపెంగా పిలుస్తారు, కాబట్టి మన పిసినారితనానికి గౌరవం కూడా దక్కుతుంది. రెండో దారి డబ్బా ఎనామెల్‌ని పల్చగా కలిపి నురగ రోలర్‌తో పూయడం. ఆరాక నీటి కాగితంతో రుద్దడం, మళ్లీ పూయడం. ఆరేడు పూతలు పడతాయి, నెల పడుతుంది, పది అడుగుల దూరం నుంచి బాగుంటుంది. మనకి అంతకంటే దగ్గరికి ఎవడొస్తాడు?

గన్‌తో కొట్టే టూ కే పెయింటు (హార్డెనర్ కలిపి వాడేది) మూడోది. గట్టిగా, మెరుస్తూ ఉంటుంది. దాని హార్డెనర్లో ఐసోసయనేట్లుంటాయి, ఊపిరితిత్తులకి చేటు. బయటి గాలి పైపుతో వచ్చే మాస్కు లేకుండా కొట్టకూడదు. పైగా చాలా ఇళ్లల్లో గ్యాస్ వాటర్ హీటర్ గ్యారేజీలోనే ఉంటుంది. పెయింటు ఆవిరి, హీటర్లో ఎప్పుడూ వెలిగే పైలట్ మంట ఒకే గదిలో అన్న సంగతి తలచుకుంటేనే నాకు నిద్ర పట్టదు. మెరుపే కావాలంటే విప్పడం, రుద్దడం, ప్రైమర్ దాకా మీరు చేసి, ఆఖరి పూత బూత్ ఉన్నవాళ్లకి ఇవ్వండి. కూలీలో ఎక్కువ భాగం ఆ ముందు పనికే పోతుంది.

కాగితాలు, లెక్కలు

చేతిలో 8,000 డాలర్లుంటే బండికి 4,000 దాటనివ్వకండి. మిగతా సగంలో బ్రేకులు, టైర్లు, పెట్రోలు లైన్లు, రేడియేటర్, వైరింగ్ అయ్యాక ఏమన్నా మిగిలితే రేకు, ఆ తర్వాతే రంగు. వైరింగ్‌లో ఎర్త్ వైర్లు శుభ్రం చేస్తే సగం రోగాలు పోతాయి. అక్కడక్కడా కరిగి టేపు చుట్టి ఉంటే మాత్రం అతుకులు వేయకుండా ఆ మోడల్‌కే చేసిన హార్నెస్ (వైర్ల కట్ట) కొనండి. చవగ్గా వచ్చే యూనివర్సల్ హార్నెస్‌తో ప్రతి వైరూ కొలిచి కోసుకోవాలి.

టైటిల్ (యాజమాన్య పత్రం) లేని బండి వద్దు. టెక్సస్‌లో బాండెడ్ టైటిల్ అని దారి ఉంది. బండి విలువకి ఒకటిన్నర రెట్ల బాండు, మూడేళ్ల గడువు. కుదురుతుంది, కానీ రేకు పనితోపాటు ఆఫీసుల చుట్టూ తిరిగే పని కూడా ఎందుకు? 25 ఏళ్లు దాటిన వాటికి ఇక్కడ రెండు రకాల ప్లేట్లు ఇస్తారు. యాంటిక్ ప్లేటుతో షోలకి, పరేడ్లకి, క్లబ్బు పనులకే తిప్పాలి. మట్టి బస్తాలు తెస్తానంటే క్లాసిక్ ప్లేటు తీసుకోండి, మామూలుగా వాడుకోవచ్చు. ఇన్సూరెన్సు మామూలు పాలసీలో వేస్తే ప్రమాదం జరిగిన రోజు పాత ఇనుము ధర కడతారు. ముందే విలువ ఒప్పుకుని రాసిచ్చే పాలసీలు పాత బండ్లకి విడిగా ఉన్నాయి. ప్రతి రసీదూ, పని ముందూ వెనకా ఫోటోలూ దాచిపెట్టుకోండి, విలువ ఒప్పించడానికి అవే ఆధారం.

నిరుడు ఒక మిత్రుడు రెండు బండ్ల మధ్య ఊగిసలాడి నన్ను వెంట తీసుకెళ్లాడు. ఒకటి నిగనిగలాడే ఎర్ర సీ10 షార్ట్ బెడ్, ఇంజిన్ వీ8. రాకర్ దగ్గర అయస్కాంతం పెడితే అతుక్కోలేదు, జానెడు మేర పుట్టీయే. రెండోది ఊరి బయట పశువుల కొట్టంలో ఉన్న ఫోర్డ్ లాంగ్ బెడ్, 300 సిక్స్, సీట్లో ఎలుకల గూడు, నాలుగు టైర్లూ నేలకి అంటుకున్నాయి. మ్యాట్ ఎత్తితే కింద ఫ్యాక్టరీ పెయింటు ఇంకా ఆకుపచ్చగా ఉంది. రెంచి పెడితే ఇంజిన్ తిరిగింది. ఇప్పుడా ఫోర్డ్ శనివారాలు మా ఇంటికి వస్తోంది. ఎడమ తలుపు ఇంకా బూడిద రంగు ప్రైమర్‌లోనే ఉంది, ఎలుకల వాసన కూడా పూర్తిగా పోలేదు.